చుట్టుహద్దులు

డెబ్భై నాలుగు నాటి దస్తావేజులో
ఇల్లు లేదు.
మూడు వందల గజాల నేల, నాలుగు దిక్కులు, అంతే.
తూర్పు: సిపాయి యేసుదాసు ప్లాటు.
పడమర: ఏనుగు గుండు.
ఉత్తరం: ఇరవై అడుగుల బాట.
దక్షిణం: బీడు.

యుద్ధం నుంచి వచ్చినవాళ్ళకు సొసైటీ పంచిన నేల అని
బ్రోకరు రెండుసార్లు చెప్పాడు,
రేటులో అదీ కలిపినట్టు.
హవల్దార్ ఓదెలు మాత్రం యుద్ధం మాటే ఎత్తలేదు.
బోరు ఎన్ని అడుగులకు పడిందో చెప్పాడు.

మూడేళ్ళుగా ఇళ్ళు చూస్తున్నాను,
ఆదివారం ఆదివారం, హెల్మెట్ చేత పట్టుకుని,
భూమేశ్ వెనకాల.
నేరేడ్‌మెట్ దాటేసరికి మధ్యాహ్నమయ్యేది.
ప్రతి ఇంటికీ కొత్త సున్నం,
గోడ ముడితే చేతికి అంటేది.
ఈ ముసలాయన మాత్రం
చేతికర్ర కొసతో లోపాలు చూపిస్తూ నడిచాడు.

"గీ పగులు చూడుర్రి.
ఎండకాలం నోరు తెరుస్తది, వానలు పడ్డంక మూసుకుంటది.
నలభై ఏండ్ల సంది గంతే.
సిమెంటు పెట్టకుర్రి, పక్కపొంటి ఇంకోటి వస్తది.
గీడ నీళ్ళు నిలుస్తయ్, సీతాఫలం చెట్టు దాంక.
గీ తలుపు రాత్రి ఒక్కసారి చప్పుడు చేస్తది.
దొంగలు కాదు. కట్టె."

"గిట్ల చెప్తే ఎవలు కొంటరు?"
చాయ్ పోస్తూ రాజవ్వ అంది.
"ముగ్గురు పోయిన్రు గిట్లనే."

వంటింటి కిటికీలోంచి పడమర చూశాను.
గుండు లేదు.
ఐదంతస్తుల ఎలిఫెంట్ రాక్ రెసిడెన్సీ ఉంది.
మూడో అంతస్తులో ఎవరిదో బనీను
రాజవ్వ మెంతికూర మడిలోకి నీళ్ళు కారుస్తోంది.
పదకొండు రోజులు పేల్చారట.
అరలో గ్లాసులు ఒకదాన్నొకటి తాకి మోగేవట.
ఆ పదకొండు రోజులూ ఓదెలు
చీకటితో వెళ్ళి చీకటి పడ్డాక వచ్చేవాడట.
ఆమె అంతే చెప్పింది.
నేనూ ఇంకేం అడగలేదు.

రిజిస్ట్రేషన్ ఆఫీసులో యంత్రం
ఆయన బొటనవేలిని నాలుగుసార్లు గుర్తుపట్టలేదు.
ఐదోసారికి ముందు, వేలిని చొక్కాకి తుడుచుకుంటుంటే
భూమేశ్ ఉండబట్టలేక అడిగాడు,
బిల్డరు తొమ్మిది లక్షలు ఎక్కువిస్తానన్నాడుగా, మరి?
"ఆయన ఇల్లు చూడలే బిడ్డా. టేపు పెట్టి నేల కొలిచిండు.
లోపటికి రమ్మంటే
షూ ఇప్పాలె అని రాలే."

దస్తావేజు రాసే కనకాచారి
పాత హద్దులు చెరిపి కొత్తవి కొట్టాడు.
తూర్పు: కార్ల వాషింగ్ సెంటరు.
ఉత్తరం: నలభై అడుగుల రోడ్డు.
(మూడు వందల గజాల్లో ఇరవై ఎనిమిది దానికిందే పోయాయి.)
దక్షిణం: టెక్నో స్కూలు ప్రహరీ.
"పడమర పాతదే ఉంచండి, ఏనుగు గుండని."
ఎందుకన్నానో తెలీదు.
కళ్ళద్దాల మీదుగా చూశాడు.
"లేనిదాన్ని హద్దని రాస్తే
రేపు కోర్టులో నిలవదమ్మా."

దిగిన వారానికి వాన.
నీళ్ళు సీతాఫలం చెట్టు దాకా వచ్చి ఆగాయి,
చెప్పింది చెప్పినట్టు.
రెసిడెన్సీ ఆవిడ గొడుగు కిందనుంచి పలకరించింది:
"డెవలప్‌మెంటుకి ఎప్పుడిస్తున్నారండీ?"
ఇరవై ఏళ్ళ కంతుల్లో మేం కట్టింది ఒక్కటి.
నవ్వి ఊరుకున్నాను.
లోపలికొచ్చి ఎన్ని ఫ్లాట్లు వస్తాయో
లెక్క వేసుకోలేదని మాత్రం అనను.

ఆ రాత్రి తలుపు చప్పుడు చేసింది.
భూమేశ్ ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు.
"కట్టె," అన్నాను.

మొన్న కార్ల వాషింగ్ జాగా అమ్ముడుపోయింది.
కొన్నవాళ్ళు కాగితాలు తెచ్చి చూపించారు.
వాళ్ళకు పడమర మేమే.
ఇంటిపేరులో ఒక అక్షరం తక్కువ పడింది.
సెలవు పెట్టి
వెళ్ళి దిద్దించుకోవాలి.